నింగిలోని కెంజాయలు

ఎరుపు ఒక్కటే కాదని మన నిఘంటుకారులు ఏనాడో గుర్తించినారు. అమరకోశంలో లోహితం, రోహితం, రక్తం ఒక వరుసలో నిలిచినవి. ఎర్రతామర ఛాయ కలది శోణం. ఇంకను పూర్తిగా తేటపడని ఎరుపు అరుణం. తెలుపు కలసిన ఎరుపు పాటలం. తెలుగు తన వంతుగా కెంపు, కెంజాయ, చెంగావి, జేగురు అని మరికొన్నింటిని చేర్చుకొన్నది. ఈ భేదాలన్నీ కంటికి తోచే తీరును బట్టి చేసినవి. ఖగోళశాస్త్రజ్ఞుడు కూడ ఎరుపులలో భేదాలను పాటిస్తాడు; కాని అతని విభజన వేరు. ఆకాశంలో ఎర్రని వెలుగు కనబడినప్పుడు అది శోణమా, పాటలమా అని అతడు విచారించడు. ఆ ఎరుపు ఎవరిదని విచారిస్తాడు. అది ఆ వస్తువుకు సొంతమా? వేరొకరి వద్ద తెచ్చుకొన్న ఎరువు సొమ్మా? వచ్చే దారిలో అంటుకొన్నదా? లేక తీసిన ఫొటోలో మాత్రమే ఉండి కంటికి లేనిదా? ఎరుపా, ఎరువా అన్న ఈ చిన్న ప్రశ్న వెంట నడచినవారు సూర్యుని ఒంటిలో ఏమున్నదో, విశ్వం ఎట్లు పెరుగుతున్నదో తెలిసికొనగలిగినారు.

సొంతమైన ఎరుపుతో మొదలుపెట్టడం మేలు. తరగతిలో "ఎర్రని నక్షత్రం వేడిదా, నీలి నక్షత్రం వేడిదా?" అని అడిగిన ఉపాధ్యాయునికి తరచుగా వచ్చే సమాధానం ఎర్రనిదే అని. పిల్లలను తప్పు పట్టవలసిన పని లేదు. నిప్పు ఎర్రన, పండుమిరప ఎర్రన, కోపం వచ్చినవాని కన్నులు ఎర్రన. వేడినీళ్ల కుళాయికి ఎర్రచుక్క, చన్నీళ్ల కుళాయికి నీలిచుక్క. భాష, వాడుక కలిసి నేర్పిన పాఠమిది. దీనిని సరిదిద్దగలవాడు కమ్మరి. కొలిమిలో పెట్టిన ఇనుపకడ్డీ ముందు మసకగా ఎరుపెక్కుతుంది. తిత్తి ఊదినకొలది నారింజ ఛాయకు, పసుపునకు, తుదకు కన్ను నిలువలేని తెలుపునకు వస్తుంది. అనగా వెలుగునిచ్చే వేడికి ఎరుపు తొలిమెట్టు మాత్రమే. ఇనుము తెలుపుతో ఆగిపోతుంది గాని నక్షత్రాలు తెలుపును దాటి నీలిఛాయ వరకు పోగలవు. సూర్యుని ఉపరితలంపై వేడి 5,500 డిగ్రీల సెంటిగ్రేడు. తెల్లగా మెరిసే మృగవ్యాధ నక్షత్రంపై పదివేలకు కొంచెం తక్కువ. నీలిఛాయ గల రైజెల్‌పై పన్నెండువేలకు అటూ ఇటూ. ఎర్రని ఆర్ద్రపైన 3,300 మాత్రమే. ఎర్రని నక్షత్రమనగా చల్లని నక్షత్రమని అర్థం. చల్లదనమన్న మాటను నక్షత్రాల కొలతతో తీసుకోవలెను.

చల్లనిదైతే అంత ప్రకాశం ఎట్లు వచ్చినదని తెలివిగల విద్యార్థి వెంటనే అడుగుతాడు. దేహ పరిమాణం చేత వచ్చినది. ఆర్ద్రను తెచ్చి సూర్యుని స్థానంలో నిలిపితే బుధ శుక్రులు, భూమి, అంగారకుడు దాని కడుపులో పడిపోతాయి. చిన్న దీపాలు కోటి వెలిగించినట్లు, చదరపుగజానికి తక్కువ వెలుగునిచ్చినా గజాలు లెక్కకు మించి ఉన్నవి. ఇట్టివాటిని అరుణ మహాతారలంటారు. ఇవి కొన్నే. మన పాలపుంతలో అత్యధిక సంఖ్య గల నక్షత్రాలు కూడ ఎర్రనివే. నాలుగింట మూడు వంతులు అట్టివే. కాని అవి మరుగుజ్జులు. వాటిలో ఒక్కటి కూడ వట్టి కంటికి కనబడదు. సూర్యుని తరువాత మనకు అతి సమీపంలో, 4.2 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ప్రాక్సిమా అట్టిదే. దానిని 1915 వరకు ఎవరును గుర్తించలేదు.

కంటికి కనబడే ఎర్రతారలను మన పూర్వులు చక్కగా గుర్తించినారు. రోహిణి అన్న పేరుకే ఎర్రనిదని అర్థం. పిల్లలకోడికి దాపున, వృషభరాశిలో 65 కాంతి సంవత్సరాల దూరాన వెలిగే తార అది. విశేషమేమనగా తైత్తిరీయ సంహితలోని నక్షత్రాల పట్టికలో రోహిణి అన్న పేరు రెండుచోట్ల కనబడుతుంది. ఒకటి నేటి రోహిణియే. రెండవది నేడు జ్యేష్ఠ అని పిలిచేది. వృశ్చికం గుండెలో ఉండే జ్యేష్ఠ కూడ ఎర్రనిదే గనుక ఆ పేరు దానికీ చెల్లినది. గ్రీకులు ఈ జ్యేష్ఠనే ఆంటారెస్ అన్నారు. ఆరెస్ వారి అంగారకుడు. ఆంటారెస్ అనగా అంగారకునికి పోటీ. అంగారకుడు తన సంచారంలో జ్యేష్ఠ పక్కగా పోయేటప్పుడు ఆ రెంటినీ చూచినవారికి ఈ పేరులోని ఔచిత్యం తెలుస్తుంది. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు ఒకే చుక్కకు ఒకే గుణాన్ని బట్టి పేరు పెట్టడం చూస్తే, నక్షత్రాల పేర్లన్నీ వట్టి కల్పనలని త్రోసిపుచ్చడం సాహసమే.

ఆర్ద్ర విషయంలో తెలుగు రైతుకు మరొక సంబంధం ఉన్నది. జూన్ నెల చివర ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి తడిసిన నేలపై ఎర్రని పట్టుగుడ్డ తునకలవలె చిన్న పురుగులు పాకుతాయి. వాటిని ఆరుద్ర పురుగులంటారు. పురుగుకు ఆ పేరు వచ్చినది కార్తెను బట్టి. ఎర్రని పురుగూ ఎర్రని చుక్కా ఒకే పేరు పంచుకోవడం కాకతాళీయం. పల్లె పిల్లలు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆరుద్ర కార్తెలో ఆర్ద్ర కనబడదు. కార్తె అనగా సూర్యుడు ఆ నక్షత్రంతో కూడి ఉండే కాలం గదా! పురుగును తొలకరిలో చూచి, చుక్కను మాఘమాసపు సాయంకాలం చూడవలెను. గొల్లకావడి అని పిలిచే మూడు చుక్కల వరుసకు ఉత్తరాన ఎర్రగా ఆర్ద్ర, దక్షిణాన నీలితెలుపుగా రైజెల్ నిలుస్తాయి. నక్షత్రాలకు రంగులున్నవని ఒప్పుకోని విద్యార్థికి ఈ రెండు చుక్కల కంటె మంచి రుజువు మరొకటి లేదు.

2019 చివర నుంచి 2020 ఫిబ్రవరి వరకు ఈ ఆర్ద్ర కాంతి సగానికి మించి తగ్గిపోయినది. వృద్ధాప్యంలో ఉన్న తార గనుక అది పేలిపోబోతున్నదని లోకమంతటా పత్రికలు వ్రాసినవి. పేలలేదు. అది తన ఒంటినుండి వెళ్లగ్రక్కిన వాయువు చల్లబడి ధూళిగా మారి, మన వైపు ముఖానికి కొంత తెరగా నిలిచినదని పరిశీలనలు చెప్పినవి. ఏనాడైనా పేలక తప్పదు. కాని ఆ ఏనాడు అన్నది లక్ష సంవత్సరాల లోపు ఎప్పుడైనా కావచ్చును. ఖగోళశాస్త్రంలో 'త్వరలో' అన్న మాటకు పంచాంగం వేరు.

ఇక గ్రహాలలో ఎర్రనివాడు అంగారకుడు. అంగారమనగా కణకణలాడే నిప్పు. లోహితాంగుడన్నది మరొక పేరు. ప్రాచీన ఈజిప్టువారు కూడ ఎర్రవాడనే అన్నారు. నిప్పుతో పోల్చినవారి కన్ను తప్పు కాదు గాని పోలిక తప్పినది. గ్రహాలకు సొంత వెలుగు లేదు. అంగారకుడు సూర్యుని వెలుగును ఎరువు తెచ్చుకొని, దానిలో నీలాన్ని మ్రింగి ఎరుపును తిరిగి పంపుతున్నాడు. అందుకు కారణం ఇనుపతుప్పు. గ్రహమంతటా పరచుకొన్న సన్నని ధూళిలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి జేగురు రంగు తేలినది. ఈ జేగురు చర్మం మట్టుకే. 2013 ఫిబ్రవరిలో క్యూరియాసిటీ యంత్రశకటం అక్కడి బండను తొలిచినప్పుడు లోపలి పొడి బూడిదరంగులో వెలువడినది. ఆ తుప్పు ఏ జాతిదన్న విచారణ కూడ చిన్నది కాదు. 2025లో వెలువడిన ఒక పరిశోధన, ఆ ధూళిలో ప్రధానమైనది ఫెర్రిహైడ్రైటు అనే, నీటితో కూడిన ఖనిజమని వాదించినది. అట్టి ఖనిజం చల్లని నీరున్నచోట త్వరగా ఏర్పడుతుంది. ఆ వాదం నిలిస్తే అంగారకుడు ఎండిన తరువాత గాక తడిగా ఉన్న రోజులలోనే తుప్పు పట్టినాడని చెప్పవలసి వస్తుంది. ఎరుపు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ నీరు ఎప్పుడున్నదన్న ప్రశ్నగా మారినది.

అంగారకుని రంగు శాస్త్రజ్ఞులనే ఒకసారి తికమక పెట్టినది. 1976 జూలై 20న వైకింగ్ 1 నౌక ఆ నేలపై దిగినది. మరునాడు అందిన తొలి రంగుల చిత్రంలో ఆకాశం మన ఆకాశంవలె నీలంగా కనబడినది. చూచినవారికి ఆనందం కలిగినది, ఇల్లు చేరినట్లున్నది. కాని యంత్రంలో మూడు రంగుల పాళ్లను కలిపేటప్పుడు అలవాటైన ఆకాశానికి తగినట్లు కలపడం జరిగినది. నౌకపై ఆ పనికే అమర్చిన రంగుల పట్టికతో సరిచూడగా నిజం తేలినది: అక్కడి పగటి ఆకాశం గులాబి, ఇసుక ఛాయలు కలిసినది. ఈ సవరణను ప్రకటించినప్పుడు కూడియున్న విలేఖరులు సరదాగా హేళన కేకలు వేసినారట. నీలాకాశాన్ని పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? ఇంకొక వింత ఉన్నది. భూమిపై పగలు నీలం, సంధ్య ఎరుపు. అంగారకునిపై పగలు కెంజాయ, అస్తమించే సూర్యుని చుట్టూ నీలిఛాయ. అచ్చటి సన్నని ధూళి నీలికాంతిని సూర్యుని దిశగానే ముందుకు పోనిస్తుంది. శ్రీహరికోట నుండి 2013 నవంబరు 5న బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో ప్రవేశించిన మన మంగళయాన్ రంగుల కెమెరా కూడ ఆ జేగురు గోళాన్ని పూర్తిబింబంగా చూపినది. ఆ నౌక 2022లో మూగవోయినది.

దారిలో అంటుకొన్న ఎరుపుకు సంధ్య ఒక ఉదాహరణ. ఉదయాస్తమయాలలో సూర్యకిరణం వాయుమండలంలో చాల దూరం అడ్డంగా ప్రయాణం చేస్తుంది. గాలి అణువులు నీలాన్ని పక్కలకు చెదరగొట్టగా మిగిలిన ఎరుపు కంటిని చేరుతుంది. సూర్యునికి ఈ ఎరుపుతో ఏమియు సంబంధం లేదు. సంపూర్ణ చంద్రగ్రహణంలో చంద్రుడు రాగిబిళ్లవలె కనబడడానికి కూడ ఇదే మూలం. భూమి నీడలో పూర్తిగా మునిగిన చంద్రుడు నిజానికి అదృశ్యం కావలెను. కాని భూగోళపు అంచున ఉన్న గాలిపొర సూర్యకాంతిని వంచి, నీలాన్ని వడగట్టి, ఎరుపును మాత్రం నీడలోనికి పంపుతుంది. గ్రహణ సమయాన చంద్రునిపై నిలిచి చూడగలిగితే నల్లని భూమి చుట్టూ ఎర్రని వలయం కనబడుతుంది. ఆ క్షణాన భూమిపై జరుగుతున్న ఉదయాలు, అస్తమయాలు అన్నీ ఆ వలయంలో ఉంటాయి. సూర్యసిద్ధాంతం గ్రస్త చంద్రునికి గ్రాసాన్ని బట్టి ధూమ్రం, కృష్ణం మొదలైన వర్ణాలు చెప్పి, సంపూర్ణ గ్రహణంలో కపిలవర్ణమన్నది. కన్ను తెరచి చూచి వ్రాసిన మాట అది.

ఈ రాగిరంగు ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు దాంజోన్ దీనికి సున్న మొదలు నాలుగు వరకు ఒక కొలమానం ఏర్పరచినాడు. సున్న అనగా దాదాపు కనబడని నలుపు, నాలుగు అనగా మెరిసే రాగి. 1991 జూన్‌లో ఫిలిప్పీన్సులోని పినటూబో అగ్నిపర్వతం పేలి ఆకాశంపై పొగమంచువంటి తెర పరచినది. 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు అసాధారణంగా నల్లబడినాడు. చంద్రుని ముఖంపై భూమి గాలి ఆరోగ్యం వ్రాసియున్నదన్నమాట. ఈ కొలతకు పరికరమేదియు అక్కరలేదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి భారతదేశంలో 82 నిమిషాలసేపు సాగిన సంపూర్ణ గ్రహణంవంటిది మరల వచ్చినప్పుడు ఏ పాఠశాల మేడపైనుండైనా విద్యార్థులు ఆ అంకెను తామే వేయవచ్చును.

దిక్చక్రానికి దాపున ఉన్న నక్షత్రం కూడ ఇట్లే రంగు మార్చుకొంటుంది. క్రీ.శ. 2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో ఉండిన టాలమీ తన గ్రంథంలో ఎర్రని తారలుగా ఆరింటిని చెప్పినాడు. రోహిణి, ఆర్ద్ర, జ్యేష్ఠ, స్వాతి, పునర్వసు తారలలో ఒకటి, ఆరవది మృగవ్యాధుడు! నేడు అది తళతళలాడే తెలుపు. నక్షత్రం రెండువేల ఏండ్లలో ఎరుపు విడిచి తెల్లబడినదా అని పలువురు తర్కించినారు. అంత త్వరగా నక్షత్రాలు మారవు. పైగా క్రీస్తుకు పూర్వమే చైనా చరిత్రకారుడు సీమా చియెన్ దానిని తెల్లనిదానికి ఉపమానంగా చెప్పినాడు. ఉదయాస్తమయ వేళలలో నేలకు దాపున దానిని చూడడం ఆనాటివారికి ముఖ్యం గనుక, గాలి పులిమిన ఎరుపును నక్షత్రానికి అంటగట్టినారన్నది సమంజసంగా ఉన్నది. ఎరువు సొమ్మును సొంతమనుకొన్న పొరపాటుకు టాలమీవంటి మహావిద్వాంసుడు కూడ అతీతుడు కాలేదు. భూమి గాలియే గాక నక్షత్రాల నడుమనున్న ధూళి కూడ ఇట్టి పని చేస్తుందని 1930లో ట్రంప్లర్ నిరూపించినాడు. అంతవరకు వేసిన దూరాల లెక్కలను సవరించుకోవలసి వచ్చినది.

చంద్రగ్రహణపు ఎరుపు ఎరువు సొమ్మైతే, సూర్యగ్రహణపు ఎరుపు అసలు సొమ్ము. దానిని చదివే విద్య తెలుగునేలపైనే నేర్పు సంతరించుకొన్నది.

సంపూర్ణ సూర్యగ్రహణంలో నల్లని చంద్రబింబం అంచున ఎర్రని నాలుకలవంటి జ్వాలలు కనబడుతాయి. అవి చంద్రునివా, సూర్యునివా అన్న తగవు చాలకాలం సాగినది. 1860లో స్పెయిన్ గ్రహణంలో తీసిన ఫొటోలు అవి సూర్యునివేనని తేల్చినవి. అవి దేనితో ఏర్పడినవి? మబ్బులా, మంటలా, పర్వతాలా? ఇందుకు సమాధానం చెప్పగల సాధనం అప్పుడే చేతికి వచ్చినది. 1859 ప్రాంతంలో కిర్కాఫ్, బున్సెన్ అనే జర్మను విద్వాంసులు, జ్వలించే వాయువు ప్రతి ఒక్కటి తనకే చెందిన కొన్ని రంగుగీతలను ఇస్తుందని స్థాపించినారు. వాయువు గాని పదార్థమైతే గీతలు విడివిడిగా ఉండవు. రంగులన్నీ ఒక పట్టీగా కలిసిపోతాయి. కావున ఆ ఎర్రజ్వాలలపై వర్ణపటదర్శినిని నిలిపితే చాలును. నిలుపుటకు మరొక సంపూర్ణ గ్రహణం రావలెను.

అది 1868 ఆగస్టు 18న వచ్చినది. చంద్రుని నీడ దక్కను మీదుగా తూర్పుకు సాగి కృష్ణాతీరాన్ని దాటి బంగాళాఖాతంలోనికి పోయినది. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ కాచుకొన్నారు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి హైదరాబాదు సంస్థానంలోని వనపర్తిలో శిబిరం వేసినారు. అంతకు ముందటి సంవత్సరమే దక్షిణాకాశంలో ఒక చలకాంతి తారను కనుగొన్నవారు ఆయన. ఆ తార కూడ ఎర్రనిదే. గుంటూరులో మేజరు టెన్నెంటు నాయకత్వాన ఇంగ్లీషు బృందం, ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై పారిస్ నుండి వచ్చిన జూల్ జాన్సెన్ సిద్ధమైనారు. ఆగస్టు నెలలో మబ్బుల భయం ఎంత ఉండినదో మన వానాకాలం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. గుంటూరులో సమయానికి ఆకాశం దయచూపినది. కొమ్మువలె పైకి లేచిన ఒక మహాజ్వాల ఆనాటి ద్రష్టలందరి దృష్టిని ఆకర్షించినది. వర్ణపటదర్శినిలో రంగుల పట్టీ లేదు. విడివిడిగా గీతలే ఉన్నవి. ఎరుపులో ఒకటి, నీలంలో ఒకటి ఉదజని గీతలు. జ్వాలలు వాయువేనని, అందులో ప్రధానమైనది ఉదజని, అనగా హైడ్రోజనని ఆ కొద్ది నిమిషాలలో తేలిపోయినది.

ఇంతవరకు పలువురు చూచినారు. జాన్సెన్‌కు తోచినది వేరు. ఆ గీతల మెరుపు చూచి, గ్రహణం లేకున్నను ఇవి కనబడవలెనని ఆయనకు స్ఫురించినది. ఆనాడు మబ్బులు కమ్మినవి. మరునాడు, ఆగస్టు 19 ఉదయం, నిండు సూర్యుని అంచుకు వెలుపలగా వర్ణపటదర్శిని చీలికను నిలిపి ఎరుపు భాగంలో వెదకినారు. గీత ఉన్నది!

ఇందులోని యుక్తి సులువైనది, విద్యార్థులు తెలిసికొనదగినది. పగటివేళ ఆ జ్వాలలను మరుగుపరచేది సూర్యుని చుట్టూ ఉండే ఆకాశపు మిరుమిట్లు. ఆ మిరుమిట్లలో అన్ని రంగులూ ఉన్నవి. వర్ణపటదర్శిని వాటిని పొడవుగా పరచేకొలది, పలుచగా రాసిన చందనంవలె, ఒక్కొక్క రంగు వెలవెలబోతుంది. జ్వాల కాంతి అట్లు కాదు. అది కొన్ని గీతలలోనే కూడుకొన్నది. ఎంత పరచినా పలుచబడదు. పెద్ద రొద నడుమ ఒకే శ్రుతిలో పలికే సన్నాయిని పోల్చుకొన్నట్లు ఆ ఎర్రగీతను పోల్చుకోవచ్చును. జాన్సెన్ సెప్టెంబరు 4 వరకు గుంటూరులో ప్రతిదినం ఈ పని సాగించినారు. ఐదారు నిమిషాల గ్రహణాన్ని పదునేడు దినాల గ్రహణంగా మార్చుకొన్నట్లైనది. ఆయన లేఖ పారిస్ చేరడానికి నెల దాటినది. ఈలోగా అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్, జాన్సెన్ సంగతి తెలియకుండానే అదే మార్గాన ఆ జ్వాలలను చూచినారు. ఇద్దరి వార్తలు ఫ్రెంచి అకాడమీకి అక్టోబరు 26వ తేదీన ఒకే దినం అందినవి. వారు తగవులాడుకోలేదు. ఇద్దరి ముఖాలతో ఫ్రెంచి ప్రభుత్వం ఒక పతకం వేయించినది.

గుంటూరు గ్రహణం పేరెత్తగానే హీలియం కనిపెట్టిన చోటని చెప్పుకోవడం మనలో పరిపాటి. ఆ ఖ్యాతిని కొంచెం జాగ్రత్తగా చెప్పుకోవలెను. ఆ గ్రహణంలో ఒక పసుపుగీత కూడ కనబడినది. కాని అది సోడియపు గీత కాదని, భూమిపై ఎరుగని మూలకానిదని ఆ తరువాత పట్టుపట్టినవారు లాకియర్. 1895లో రామ్సే ఆ వాయువును భూమిపై పట్టుకొన్నప్పుడు గాని అది స్థిరపడలేదు. గుంటూరుకు నిస్సందేహంగా చెందిన గౌరవం ఎర్రగీతది. గ్రహణం కోసం ఏండ్లు కాచుకొనే అగత్యం ఆ ఉదయంతో తొలగినది. కొడైకెనాల్ వేధశాలలో 1912 నుండి సూర్యుని చిత్రాలను తీసినది ఈ ఎర్రగీత కాంతిలోనే. పసుపుగీత వల్ల ఒక మూలకం దొరికినది; ఎర్రగీత వల్ల ఒక చూపు దొరికినది. రెండవదే పెద్దదనడం అతిశయోక్తి కాదు.

ఈ గీత తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు, నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఉదజని అణువులోని ఎలక్ట్రాను మూడవ మెట్టునుండి రెండవ మెట్టుకు దిగినప్పుడల్లా ఈ ఎరుపు పుడుతుంది. విశ్వంలో అన్నిటికంటె మిక్కుటమైన పదార్థం ఉదజనియే గనుక, నక్షత్రాలు పుట్టే మేఘాలన్నీ ఈ రంగునే వెదజల్లుతున్నవి. గొల్లకావడికి దక్షిణాన వ్రేలాడే మసక మేఘాన్ని పుస్తకాలలో గులాబి ఎరుపుతో అచ్చువేసేది ఇందుచేతనే. కాని ఆ చిత్రాన్ని చూచి మురిసి దూరదర్శినిలో కన్ను పెట్టిన విద్యార్థికి బూడిదరంగు పొగ మాత్రమే కనబడుతుంది. "మోసపోయినా"మని అతడు అనుకోరాదు. ఉపాధ్యాయుడు ముందుగా చెప్పి ఉంచవలసిన మాట ఇది: చీకటిలో పనిచేసే నేత్రకణాలు ఎరుపును దాదాపు గుర్తించలేవు, రంగులు తెలిసే కణాలకు అంత మసక వెలుగు చాలదు. ఫొటో అబద్ధం చెప్పలేదు. కంటికి ఆ భాష రాదు. రాత్రివేళ పరిశీలకులు పటం చూచుకోవడానికి ఎర్రకాగితం చుట్టిన టార్చి వాడేది కూడ ఈ కారణంగానే. ఆ కణాలకు ఎరుపు తెలియదు గనుక చీకటికి అలవాటుపడిన చూపు చెదరదు.

ఇక మిగిలినది, పేరులో ఎరుపు ఉండి ఒంటిలో లేనిది. అరుణ విస్థాపనమని దానిని మన శాస్త్రగ్రంథాలలో పిలుస్తున్నారు. విశ్వం విస్తరిస్తున్నందున దూరపు గెలాక్సీల కాంతి తరంగాలు దారిలో సాగిపోతాయి. వర్ణపటంలోని గీతలు వాటి చోటును విడిచి ఎరుపు కొన వైపు జరుగుతాయి. అమెరికాలో స్లిఫర్ 1912 నుండి ఇట్టి జరుగుళ్లను కొలిచినారు. దూరం హెచ్చినకొలది జరుగుడు హెచ్చుతున్నదని 1929లో హబుల్ చూపినారు. పేరును పట్టుకొని, దూరపు గెలాక్సీలన్నీ ఎర్రగా ఉంటాయని అనుకొనేవారు కలరు. అది పొరపాటు. ఉదజనికి 486 నానోమీటర్ల వద్ద నీలిగీత ఒకటి ఉన్నది. తరంగాలు నూటికి ముప్పదియైదు వంతులు సాగితే ఆ నీలిగీత సరిగా ఎర్రగీత ఉండవలసిన 656 వద్దకు వచ్చి కూర్చుంటుంది. మరి ఎర్రగీత? అది ఎరుపునే విడిచి, కంటికి కనబడని పరారుణంలోనికి వెడలిపోతుంది. ఎరుపు వైపు జరగడమన్న పేరు గలిగి ఎరుపును పోగొట్టుకొనే ఈ వ్యవహారానికి 'తరంగ విస్తరణ' వంటి పేరు ఉండియుంటే విద్యార్థికి సుఖంగా ఉండేది. కాని ఇంగ్లీషువారి మాటను అనుసరించినాము. ఇప్పుడు మార్చడం కష్టం.

ఈ మారువేషం అనుభవజ్ఞులను సైతం మోసగించినది. కన్యారాశిలో 3సి 273 అని సంఖ్య గల ఒక చుక్క వర్ణపటంలో ఎవరికీ తెలియని గీతలు ఉండినవి. 1963లో మార్టెన్ ష్మిట్ వాటిని చూచి చూచి, అవి కొత్తవి కావని, పదునారు వంతులు సాగిపోయిన ఉదజని గీతలేనని గ్రహించినారు. పాత చుట్టం పరదేశపు దుస్తులతో వచ్చి నిలిచినట్లైనది. నక్షత్రమనుకొన్నది రెండువందల కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరాన ఉన్న క్వేజారని తేలినది.

ఎరుపుకు ఆవల కూడ కిరణాలున్నవని 1800లో విలియం హెర్షెల్ తెలిసికొన్నారు. పట్టకం పరచిన రంగులలో ఉష్ణమాపకాలను పెట్టి చూడగా, ఎరుపు దాటి వెలుగే లేనిచోట పాదరసం మరింత పైకి పోయినది. 2021 డిసెంబరు 25న అంతరిక్షానికి పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని చూచేది ముఖ్యంగా ఈ సీమనే. 2025లో ప్రకటించిన ఒక గెలాక్సీ కాంతి, విశ్వారంభం తరువాత సుమారు 28 కోట్ల సంవత్సరాలకు బయలుదేరినది. దారిలో తరంగాలు పదునైదింతలు దాటి సాగినవి. ఊదాకు ఆవల, అతినీలలోహితంలో పుట్టిన కిరణం ఎరుపును ఎప్పుడో దాటి పరారుణంగా మనలను చేరుతున్నది.

ఆ దూరదర్శినికే ఎవరూ ఎదురుచూడని వస్తువులు కొన్ని చిక్కినవి. విశ్వానికి నూరుకోట్ల ఏండ్ల వయస్సు ఉండిన నాటివి, చిన్నవి, మిక్కిలి ఎర్రనివి. శాస్త్రజ్ఞులు వాటికి సంస్కృత లాటిన్ పదాలేవియు వెదకక 'చిన్న ఎర్రచుక్కలు' అనే పేరు పెట్టుకొన్నారు. ఆ ఎరుపు ఎవరిదన్న పాత ప్రశ్న మరల లేచినది. విశ్వవిస్తరణ వల్ల కొంత, సరే. మిగిలినది వృద్ధ నక్షత్రాల చల్లదనమా? అట్లైతే అంత బాల్యంలో అన్ని నక్షత్రాలు పుట్టడానికి వ్యవధి చాలదు. చుట్టుకొన్న ధూళియా? ధూళి అయితే వేడెక్కి పరారుణంలో మరింత వెలగవలెను. అంత వెలుగు లేదు. పెరుగుతున్న కృష్ణబిలాన్ని దట్టమైన ఉదజని మేఘం కప్పియుండి రంగు మార్చుతున్నదని పలువురు ఇప్పుడు వాదిస్తున్నారు. ఇందుకు ఆధారంగా వారు చూపుతున్నది ఆ చుక్కల వర్ణపటంలో వెడల్పుగా పరచుకొన్న ఒక గీత. తరంగాలు సాగినందువల్ల అది పరారుణంలో ఎక్కడో ఉన్నది. వెనుకకు లెక్కకట్టి చూడగా 656.3 నానోమీటర్ల వద్ద తేలినది.